మామ వేయించుకున్న కుర్చీ

మా బావ పరుగు మొదలుపెట్టిన రోజే తేల్చి చెప్పాను, పరిగెత్తేది నువ్వు, మధ్యలో నన్ను లాగొద్దు అని. ఆ మాట మీద పట్టుమని వారం కూడా నిలబడలేదు. తెల్లవారకముందే ఒక మనిషి లేచి, చీకట్లో మేజోళ్లు వెతుక్కుంటూ ఇల్లంతా తడుముతుంటే పక్కవాళ్లకు నిద్ర ఎక్కడిది? పైగా నంద్యాల వీధి కుక్కలకు పరిగెత్తే మనిషి అంటే పండగ. ఒకరోజు ఒకటి పిక్క పట్టుకున్నంత పని చేసింది. మర్నాటి నుంచి నేను స్కూటీ తీసుకుని ఆయన వెనకాలే వెళ్లడం మొదలుపెట్టాను. కాళ్ల దగ్గర ఒక కట్టె, డిక్కీలో నీళ్ల సీసా, నోట్లో తిట్లు.

తిట్లంటే ఉత్తుత్తివి కాదు. నాకు మెత్తగా మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు. పరిగెత్తేవాళ్ల పక్కన నిలబడి చప్పట్లు కొట్టి శెభాష్ అనే ఆడవాళ్లు ఉంటారట. నేను మాత్రం, "ఏం బావా, ఎనుము వాగులోకి దిగినట్టు పోతాండావే? ఆ పాలాయప్ప సైకిల్ మీద రెండు క్యాన్లు ఏసుకోని దాటిపోతాండాడు, సూడు" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. "నవ్వితే ఊపిరి తప్పుతాంది, నోరు మూసుకో మే" అని నన్నే కసిరేవాడు. ఏ రోజైనా నిజంగా నోరు మూసుకున్నానా, ఆగి వెనక్కి తిరిగి, ఏమైంది, తలనొప్పా అని అడిగేవాడు.

బావ అంటే నా మొగుడే. మా అమ్మకు సొంత అన్న కొడుకు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే, అందుకని మా మధ్య మొగుడూ పెళ్లాల మర్యాదలు పెద్దగా లేవు. ఆయన నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ సారు. యాభై దగ్గర పడేసరికి చక్కెర వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. ఈయన పరిగెత్తాడు. చెప్పినదానికంటే ఒక మెట్టు ఎక్కువ చేయడం ఆ ఇంటి గుణం.

ఆ గుణం మా మామది. ఆళ్లగడ్డలో రాతి పని చేసేవాడు. రోడ్డు పక్కన వాకిట్లోనే రాళ్లు, విగ్రహాలు, దుమ్ము. ఆ దుమ్ము ఇంట్లో అన్నం మీద కూడా పడేది. మేనకోడలినని నా మీద కొంచెం కనికరం ఉండేది కానీ కొడుకు మీద ఆ మాత్రం కూడా లేదు. మా బావ కుర్రతనంలో తండ్రి దగ్గరే పని నేర్చుకునేవాడు. ఒకసారి దాదాపు పూర్తయిన అమ్మవారి విగ్రహం ముక్కు మీద ఉలి జారింది. చిన్న పెచ్చు ఊడింది. మామ కొట్టలేదు, అరవలేదు. ఉలి చేతిలోంచి తీసుకుని, "నీకు రాదు పో" అన్నాడు. అంతే. ఆ తర్వాత కొడుకు ఏం చేసినా కన్నెత్తి చూడలేదు. బావ డ్రాయింగ్‌లో ప్రైజులు తెచ్చుకున్నాడు, చూడలేదు. మా పెళ్లప్పుడు ఆళ్లగడ్డ ఇంటి గోడ మీద తనే ముగ్గుల బొమ్మలు వేశాడు, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు, మామ ఆ గోడ పక్క నుంచే నడిచి వెళ్లేవాడు గాని తల తిప్పలేదు. నేను ఒకసారి మొహం మీదే అడిగేశాను, ఏం మామా, కొడుకు వేసింది చూస్తే కళ్లు పోతాయా అని. "రాయి మీద ఏస్తే చూద్దును" అన్నాడు. అంత మొండి మనిషి.

తర్వాత ఆ మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయింది. మా ఆడబిడ్డ, అంటే బావకు చెల్లెలు, పెనిమిటితో సహా ఆ ఇంట్లోనే ఉంటుంది, ఆమే చేసేది అన్నీ. మేము ఆదివారాలు వెళ్లి వచ్చేవాళ్లం.

అలాంటి ఒక ఆదివారమే పరుగు సంగతి బయటికొచ్చింది. నంద్యాలలో పొద్దున్నే పరిగెత్తేవాళ్లంతా కలిసి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా మారథాన్ పెట్టుకున్నారు. దూరం కూడా దాదాపు సరిపోతుందట, ఇంకొంచెం తక్కువైతే నంద్యాలలోనే ఒక చుట్టు తిప్పి సరిపెడతారట. బావ ఆ మాట చెల్లెలికి చెబుతున్నాడు, మంచంలో ఉన్న తండ్రికి కాదు. మామ విన్నాడు. నోరు ఒక పక్కకి లాక్కుంటూ, కూడబలుక్కుంటూ, "బస్సుల్లేవా?" అన్నాడు.

అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు గాని ఆ నవ్వు నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను. అప్పుడు మామ ఎడమ చెయ్యి లేపి వాకిలి వైపు చూపించాడు.

"ఆ దినం... కుర్చీ... ఆడ ఎయ్యండి."

"కుర్చీ ఎందుకు నాయనా?" అంది ఆడబిడ్డ.

"చూస్తా."

బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. వాకిట్లో సగం చెక్కిన నంది ఒకటి ఉంటే దాని వైపు తిరిగి నిలబడ్డాడు, చాలాసేపు. నేను వెళ్లి కదిలించలేదు. అన్నీ కదిలించకూడదని నాకూ తెలుసు.

ఆ రోజు నుంచి ఆయన పరుగు మారిపోయింది. అంతకుముందు చక్కెర కోసం పరిగెత్తేవాడు. ఇప్పుడు తండ్రి కళ్ల ముందు నుంచి ఒక్కసారి పరిగెత్తి వెళ్లాలి, ఆయన చూడాలి, అదొక్కటే. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. "ఆఖర్లో నడవగూడదు మే. నడిస్తే నాయన ఏమంటాడో తెల్సు గదా" అనేవాడు. నేను, "మీ నాయన పెదవి కదిపితే ఒట్టు, నేనే ఎనక నుంచి కట్టెతో తోల్తా, నడవనిస్తానా?" అనేదాన్ని. మామ ఆరోగ్యం దిగజారుతూనే ఉంది. పరుగు రోజు దాకా ఉంటే చాలని లోపల ఇద్దరం అనుకున్నాం, పైకి ఎవరమూ అనలేదు.

ఆ రోజు వచ్చింది. చలికాలం పొద్దు. బయల్దేరినప్పుడు మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు పరిగెత్తేవాళ్లు వీపు మీది నంబర్ల దాకా కరిగిపోయారు. నేను ముందే సామాను సర్దుకున్నాను. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, బెల్లం పప్పుచెక్కలు, అరటిపండ్లు, తుడుచుకోవడానికి తువ్వాళ్లు. కొంచెం దూరం ముందుకు వెళ్లి రోడ్డు పక్కన ఆగడం, ఆయన వచ్చాక తాగించడం, తిట్టడం, మళ్లీ ముందుకు వెళ్లడం. ఎండ ఎడమ పక్క నల్లమల మీదికి వచ్చాక మంచు విడిపోయింది. కోసేసిన వరిమళ్లు, శెనగ చేలు కనిపించాయి. రోడ్డు వారన కూర్చుని పచ్చి శెనగ కట్టలు అమ్ముతున్న ఆడమనిషి నన్ను అడిగింది, "ఏమ్మా, ఆయప్ప యాడికి పరిగెత్తాండాడు, ఏమన్నా ఆపదా?" అని. మామను చూడ్డానికి అన్నాను. "బండి ఉండాది గదా, ఎక్కించుకోని పో" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

అప్పటిదాకా ఆయన బాగానే పరిగెత్తాడు. ఆగిన ప్రతిచోటా నేను ఏదో ఒకటి అనేదాన్ని, ఆయన తల ఊపి నవ్వి వెళ్లేవాడు. శిరివెళ్ల మెట్ట దగ్గర నేను ముందు వెళ్లి టీ కొట్టు పక్కన బండి ఆపాను. గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను మోగింది. ఆడబిడ్డ.

"వదినా, నాయనకు బాగలేదు. అన్నను పిల్చుకోని బేగా రాండి."

గ్లాసు పక్కన పెట్టేశాను. ఎందుకంటే మా వైపు చావు కబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. దారిలో ఉన్న మనిషి తట్టుకోలేక ఎక్కడ పడిపోతాడో అని భయం. ఒంట్లో నలతగా ఉంది, నిన్నే అడుగుతున్నాడు, ఒకసారి వచ్చిపో అంటారు. వినేవాళ్లకు అర్థమైపోతుంది. మా నాయన పోయినప్పుడు కూడా ఆయనకు జ్వరమనే నాకు చెప్పారు. నేను పుట్టింటికి బనగానపల్లె బస్సెక్కి, కొంగు నోట్లో కుక్కుకుని దారంతా ఏడ్చాను. బస్సులో ఎవరూ ఎందుకని అడగలేదు, పక్కన కూర్చున్నామె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"నాకాడ దాచొద్దు మే" అన్నాను ఆడబిడ్డతో. "ఉండాడా, పోయినాడా?"

"ఉండాడు వదినా. నీ మీద ఒట్టు."

"నేను నమ్మను. ఫోను మామ నోటికాడ పెట్టు."

పెట్టింది. రాయి మీద రాయి రుద్దినట్టు గరగరమని ఊపిరి వినపడింది. లోపలికి పోతోంది, చాలాసేపు ఆగుతోంది, బయటికి వస్తోంది. ఆ ఊపిరి వింటూ ఆ టీ కొట్టు దగ్గర అలాగే నిలబడిపోయాను. తర్వాత ఆడబిడ్డ చెప్పింది. డాక్టరు వచ్చి చూసి, ఇంక ఎంతోసేపు లేదన్నాడట. పడుకోబెడితే పడుకోవడం లేదట. ఎడమ చెయ్యి ఊపి ఊపి కుర్చీ అడిగాడట. చివరికి వాకిట్లో కుర్చీ వేసి, పడిపోకుండా తువ్వాలుతో నడుముకి కట్టి కూర్చోబెట్టారట. చూపు రోడ్డు మీదే ఉందట.

ఇంతలో బావ వచ్చాడు. చెమటతో ముద్దయి ఉన్నాడు. నేను చెప్పకుండా ఉండలేను, చెప్పేశాను.

"నాయనకు బాగలేదంట బావా. నిన్నే అడుగుతాండాడంట. బండెక్కు, పోదాం."

ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు.

"ఫోను ఎవరు చేసినారు?"

"నీ చెల్లెలే."

"ఏడుస్తాండిందా?"

"ఏడవకుండా ఎట్లుంటాది?"

తల ఊపాడు. నా చేతిలో సీసా తీసుకుని కొన్ని నీళ్లు తాగి, మిగిలినవి మొహం మీద పోసుకున్నాడు. తువ్వాలుతో తుడుచుకోలేదు.

"పొద్దున్నుంచి నువ్వేమన్నా తిన్నావా?" అన్నాడు.

నాకు మండిపోయింది. "ఇప్పుడు నేను తినేది ఏందప్పా? బండెక్కు అంటాంటే!"

"ఎక్కను లే. పరిగెత్తే పోతా."

"పిచ్చి గానీ పట్టిందా నీకు? బండి మీదైతే ఇట్ల పోయి అట్ల వాల్తాం."

"పరిగెత్తొస్తే చూస్తానని గదా కుర్చీ ఎయ్యమన్నాడు. పరిగెత్తే పోతా మే. నువ్వు అడ్డం రావద్దు."

అక్కడ ఆ ముసలాయన తువ్వాలుతో కట్టించుకుని మరీ కూర్చుని ఉన్నాడు, కొడుకు బండి వెనక కూర్చుని దిగితే చూడ్డానికి కాదు. ఇక్కడ ఈయన ఆ చూపు కోసమే యాభై ఏళ్లు వచ్చేదాకా ఎదురుచూశాడు. ఇద్దరి మొండితనమూ ఒకటే, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను. ఊపిరి విన్నాను కదా, ఆయన వచ్చేదాకా ఆ ఊపిరి పట్టుకుని ఉంటాడనే నమ్మాను.

అక్కడి నుంచి బావ పరుగు మరోలా ఉంది. తొందర లేదు. తల కొంచెం వంచి, రోడ్డును చూసుకుంటూ పోయాడు. నేను ముందుకు వెళ్లకుండా పక్కనే మెల్లగా బండి నడిపాను. తిట్లు రాలేదు. రెండు మూడుసార్లు, "నడుమూ కాళ్లూ ఎట్లుండాయి బావా?" అని మెత్తగా అడిగాను. ఆయన నా వైపు చూసి మళ్లీ తల తిప్పుకున్నాడు. ఒక్కసారి కూడా, నాయనకు ఇప్పుడెట్లుంది అని అడగలేదు. నాకు అది గుచ్చుకుంది. కన్నతండ్రి కదా, ఒక్క మాట అడిగితే ఏం పోయింది? చివరికి నేనే పైకి అనేశాను, "ఏం మనిషివి బావా, ఎట్లుండాదని అడగవా?" అని.

"అడిగి ఏం చేసేది?" అన్నాడు.

బత్తలూరు దగ్గరికి వచ్చేసరికి కాలు పట్టేసింది. కుంటుకుంటూ వెళ్లి రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చున్నాడు. నేను బండి దిగి పిక్క ఒత్తాను, మజ్జిగ ఇచ్చాను. కొంచెం తాగి పక్కన పెట్టేశాడు. తువ్వాలు తల మీద నుంచి కప్పుకుని, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక వచ్చేవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. ఒకాయన ఆగి నొప్పి మందు స్ప్రే ఇవ్వబోతే, వద్దని చెయ్యి ఊపాడు. తువ్వాలు కింద భుజాలు కదులుతున్నాయి. కాలు నొప్పి, తండ్రి మీద బెంగ, రెండూ కలిసి ఏడుస్తున్నాడనుకున్నాను. ఏడవనీలే అనుకుని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఫోను మళ్లీ మోగింది. నేను కొంచెం అవతలికి వెళ్లి మాట్లాడాను.

"యాడుండారు వదినా? చూస్తానే ఉండాడు. చూపు తిప్పలేదు."

"వస్తాండాం. బత్తలూరు కాడ ఉండాం. మామకు చెప్పు, వస్తాండాడని."

తిరిగొచ్చాక ఇంకా ప్రాణం ఉంది అనే మాట కొడుకు ముందు అనడానికి నోరు రాలేదు. అలా అంటే వెంటనే పోతాడేమో అని ఒక పిచ్చి భయం. "లేయ్ బావా. ఆలస్యం చేసేది మంచిది గాదు. పోనీ ఈడనుంచన్నా బండెక్కు" అన్నాను.

తువ్వాలు కిందనుంచే అన్నాడు, "ఇంగ తొందరేముంది మే."

కాళ్లలో సత్తువ పోయి అలా అంటున్నాడనుకున్నాను.

లేచాడు. ఎంతసేపటికి లేచాడో నేను చెప్పను, తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. ఆళ్లగడ్డ పొలిమేర దాకా కాసేపు నడుస్తూ, కాసేపు పరిగెడుతూ వెళ్లాడు. ఊరు కనపడగానే మాత్రం తువ్వాలు నా మీదికి విసిరి నిజంగా పరుగు అందుకున్నాడు. నాలుగు రోడ్ల దగ్గర పందిరి కట్టారు. డప్పులు మోగుతున్నాయి. పందిరి దాటగానే ఎవరో మెడలో పతకం వేశారు, ఇంకెవరో ఫోటోకి ఆగమన్నారు. ఆగలేదు. అలాగే ఇంటి వైపు పరిగెత్తాడు. ఒక్క అడుగు నడవలేదు. అది నేను చూశాను, చూడాల్సిన మనిషి చూశాడో లేదో అనుకుంటూ బండి వెనకాలే తోలాను.

వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. తువ్వాలు ముడి విప్పి దాని చేతి మీద వేసి ఉంది. లోపల ఏడుపులు.

మామను వసారాలో కింద పడుకోబెట్టారు. బావ బూట్లు విప్పి, లోపలికి వెళ్లి, తండ్రి కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడవాల్సింది ముందే ఏడ్చేసిన మనిషిలా స్థిమితంగా ఉన్నాడు. రెండు చేతులూ పాదాల మీద పెట్టి తల వంచాడు. వంచినవాడు గబుక్కున తల ఎత్తాడు. మళ్లీ పాదాలు తడిమి చూశాడు. మడమలు, వేళ్లు, అన్నీ.

"ఎచ్చగుండాయే" అన్నాడు.

పాదాల మీద నుంచి చేతులు తియ్యలేదు.

"కాళ్లు ఎచ్చగుండాయి మే! ఎప్పుడు?" అని చెల్లెలి మీద అరిచాడు.

"ఇప్పుడే అన్నా" అంది ఆమె ఏడుస్తూ. "డప్పులు ఇనపడినాయి. అన్న వచ్చేసినాడు నాయనా అంటి. తలెత్తినాడు. ఇంగ అంతే."

బావ నా వైపు తిరిగాడు. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. కోపం కాదు. ఇల్లు తప్పి వేరే ఇంట్లోకి వచ్చేసినవాడి చూపులా ఉంది. పక్కింటి పెద్దామె, "చెల్లెలు నీళ్లు పోసిందిలే నాయనా, అయినా నువ్వు కొడుకువి, రెండు చుక్కలు నోట్లో పొయ్యి" అంది. మా దగ్గర పోయే ప్రాణానికి కొడుకు చేతి నీళ్లు ముఖ్యం. గ్లాసు అందించారు. పోశాడు. నీళ్లు లోపలికి పోలేదు, చెంప మీద నుంచి చెవిలోకి కారిపోయాయి. బావ వాటిని తన చొక్కా అంచుతో తుడిచాడు. మెడలో పతకం అడ్డం పడుతుంటే వెనక్కి తోసుకున్నాడు, తియ్యడం ఎవరికీ తోచలేదు.

కర్మలన్నీ అయి నంద్యాల వచ్చాక చెప్పాడు. రాత్రి కాదు, పగలే, అన్నం తింటూ.

"నువ్వు చెప్పినప్పుడే అయిపోయినాడనుకుంటి" అన్నాడు.

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది నాకు.

"నిన్నే అడుగుతాండాడంట, బండెక్కు అంటివి. మా అవ్వ పోయినప్పుడు గూడా హాస్టల్‌కొచ్చి అదే మాట అన్నారు. నువ్వు గూడా తిట్టేది మానేస్తివి. ఎట్లుండాయి కాళ్లు అని అడుగుతాంటివి. ఇంగేమనుకోవల్ల నేను? పోయినోని కాడికి బండెక్కి పోయి ఏం చేసేది, పరిగెత్తన్నా పోదాం అనుకుంటి."

నేను చెప్పింది నిజం. అక్షరం అక్షరం నిజం. నమ్మక ఫోను నోటి దగ్గర పెట్టించుకుని, ఊపిరి విని మరీ చెప్పాను. నేను తప్పు చేశానని ఎవరన్నా అంటే ఇప్పటికీ వాళ్ల మీదికి పోతాను. కానీ నిజం చెప్పినా నిజంగా వినపడని చోట పుట్టాం మేము. నాకు కోపమంతా మా వాళ్ల మీద. జ్వరమని, కాలు జారిందని, కొంచెం నలతగా ఉందని, పుట్టినప్పటి నుంచీ మా చెవుల్లో పోస్తూ వచ్చిన పెద్దలందరి మీద. మంచి కోసమే చేశారు. ఆ మంచి మమ్మల్ని ఇలా కాల్చింది. గరిటె గిన్నెలో విసిరి గట్టిగా ఏడ్చాను. ఆయన ఏడవలేదు. పెరుగు కలుపుకుంటూ, తనలో తాను అనుకున్నట్టు, "ఆ కల్వర్టు మీద నేను కూర్చోని ఏడుస్తాంటే, నాయన ఈడ కుర్చీలో కూర్చోని నాకోసం చూస్తాండె" అన్నాడు.

పరుగు మానేశాడు. నేను తిట్టి చూశాను, బతిమాలి చూశాను. చక్కెర పెరిగిందని డాక్టరు కూడా కోప్పడ్డాడు. సాయంత్రాలు కొంచెం నడుస్తాడు, అంతే. బూట్లు మిద్దె మెట్ల కింద మేకుకి వేలాడుతూ ఉండేవి. నేను వాటిని తీయలేదు, ఆయనా తీయలేదు. తెల్లవారుజామున నాకు మాత్రం అలవాటుగా మెలకువ వస్తుంది. కుక్కలు అరుస్తుంటాయి. పక్కన ఆయన కూడా కళ్లు తెరుచుకునే ఉంటాడు, ఇద్దరం నిద్రపోతున్నట్టే పడుకుంటాం.

మొన్న మామిడికాయల కాలంలో బనగానపల్లె నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. అమ్మ అక్కడే వాడి దగ్గర ఉంటుంది. "అక్కా, అమ్మకు కొంచెం బాగలేదు. ఒగ తూరి వచ్చిపో" అన్నాడు. బావ నా మొహం చూసి, ఫోను చేతిలోంచి లాక్కున్నాడు.

"ఉండాదా, పోయిందా?" అని అరిచాడు. వీధిలోకి వినపడేలా. జీవితంలో ఆయన అంత గొంతుతో అరవడం నేను వినలేదు. "ఉంటే ఉండాదని చెప్పప్పా. ఉంటే బేగా వస్తాం."

"ఉండాది బావా, నిజంగానే" అంటున్నాడు తమ్ముడు.

"నమ్మను. ఫోను అత్త నోటికాడ పెట్టు."

కళ్లు మూసుకుని, ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాడు. కాసేపటికి పక్కనున్న నాక్కూడా వినపడింది మా అమ్మ గొంతు, నీరసంగా, కానీ మా ఇంటి గొంతే. "ఏందిరా ఇది, ఫోను తెచ్చి ముక్కులో పెడతాండావు, మతి పోయిందా నీకు" అని కొడుకుని తిడుతోంది.

బావ ఫోను నా చేతికిచ్చి గబగబా మెట్ల కిందికి వెళ్లాడు. మేకు నుంచి బూట్లు తీసి, మెట్టు మీద కూర్చుని తొడుక్కోబోయాడు. తొందరలో లేసులు ముడిపడలేదు. నేను వంగి ముడి వేస్తుంటే నా తల మీదుగా అన్నాడు.

"అత్త తిడతాండాది మే. ఉండాది." బండి వైపు చూసి మళ్లీ అన్నాడు, "ఆ దినం నాయన గూడా ఉండె గదా."